రేపటి పాత కత్తులు

బక్ కంపెనీ 110 నంబరు మడత కత్తి 1964లో అమెరికా బజారులోకి వచ్చింది. ఇప్పటికి కోటికి పైగా అమ్ముడుపోయింది, ఇంకా అమ్ముడుపోతూనే ఉంది. ఇంత విరివిగా దొరికే వస్తువు అపురూపం కావడానికి వీల్లేదు. అయినా తొలి ఏళ్లలో తయారై, ఒక్కసారి కూడా సానరాయి తాకని 110 ఎక్కడైనా బయటపడితే సేకర్తలు పోటీలు పడతారు. అదే అమెరికాలో, దాదాపు అవే దశాబ్దాల్లో, మఖమల్ పరిచిన చెక్కపెట్టెలో పెట్టి, వరస సంఖ్య వేసి, ధ్రువపత్రం జతచేసి, సేకర్తల కోసమేనని చెప్పి అమ్మిన స్మారక కత్తులు కొల్లలు. ఫలానా యుద్ధానికి నూరేళ్లు, ఫలానా రైలు మార్గానికి యాభై ఏళ్లు అంటూ చేసినవి. వాటిలో చాలావాటికి ఇవాళ కొన్న ధర కూడా రాదు.

పని కోసం చేసినది సేకరణ వస్తువైంది. సేకరణ కోసం చేసినది ఎవరికీ అక్కర్లేనిదైంది. ఈ తలకిందుల వ్యవహారానికి కారణం మొదట ఒక చిన్న లెక్కలో ఉంది.

అరుగుదల లెక్క

ఒక కంపెనీ లక్ష పనికత్తులు చేసిందనుకోండి. కొన్నవాళ్లు వాటితో తాళ్లు కోశారు, అట్టపెట్టెలు చించారు, చేపలు శుభ్రం చేశారు. కొందరు స్క్రూడ్రైవరుగా వాడి మొన విరగ్గొట్టారు. కొందరు చెరువులో జారవిడిచారు. ఏటా నూటికి మూడు చొప్పున పోయాయనుకుంటే ముప్ఫై ఏళ్లకు దాదాపు 40 వేలు మిగులుతాయి. చాలానే ఉన్నాయి కదా అనిపిస్తుంది. కానీ సేకర్తకు మిగిలిన కత్తి చాలదు, వాడని కత్తి కావాలి. చేసిన లక్షలో వెయ్యికొకటి చొప్పున ఏ దుకాణం అటక మీదో, ఏ తాతగారి బీరువాలోనో పెట్టె విప్పకుండా ఉండిపోయిందనుకుంటే అలాంటివి వంద.

ఇంకోపక్క స్మారక కత్తులు 5,000 మాత్రమే చేశారు. వాటిని ఎవరూ వాడరు, పారేసుకోరు, సానబట్టరు. ఏటా వెయ్యికి ఐదు పోయినా ముప్ఫై ఏళ్ల తర్వాత 4,300 మిగిలే ఉంటాయి. అన్నీ కొత్తవే, అన్నీ పెట్టెల్లోనే. లక్ష చేసినవి వందకు దిగాయి, ఐదు వేలు చేసినవి నాలుగు వేల మూడొందల దగ్గరే ఆగాయి. అంకెలు నేను ఊహించుకున్నవే. కాస్త అటూ ఇటూ మార్చి వేసి చూడండి, తూకం అటే మొగ్గుతుంది.

ఇది సరఫరా సంగతి. గిరాకీ సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. యాభై ఏళ్లు దాటి, పిల్లల చదువులయ్యి, చేతిలో కాస్త డబ్బు ఆడుతున్న మనిషి ఏం కొంటాడు? పదిహేనేళ్లప్పుడు నాన్న బెల్టుకు చూసిన కత్తిని కొంటాడు, లేదా అప్పట్లో దుకాణం అద్దంలోంచి చూసి కొనలేకపోయిన కత్తిని కొంటాడు. మఖమల్ పెట్టెలో పుట్టి అందులోనే ఉండిపోయిన కత్తి ఎవరి బాల్యంలోనూ లేదు. కాబట్టి ఇవాళ ఒక కత్తి రేపు క్లాసిక్ అవుతుందా అని తేల్చుకోవాలంటే మొదట అడగాల్సింది ఇది: జనం దీన్ని వాడి పాడుచేస్తున్నారా?

స్విస్ సైన్యం సిపాయి కత్తి చూడండి. 1961 నమూనా, అల్యూమినియం పిడిది, 2008 దాకా నడిచింది. ప్రతి కత్తి అలుగు మొదట్లో తయారైన ఏడాది అంకెలు పొడిచి ఉంటాయి. ఏటేటా కొత్తగా చేరిన కుర్రాళ్ల చేతికి ఇచ్చారు. వాళ్లు దానితో డబ్బాలు కోశారు, బురదలో పారేశారు, ఊరికి తీసుకుపోయి పొలం పనికి వాడారు. 2008లో ఒంటిచేత్తో తెరుచుకునే కొత్త నమూనా వచ్చాక పాతది ఆగిపోయింది. ఫలానా ఏడాది ముద్రతో, వాడకుండా మిగిలిన ముక్క కోసం వెతకడం ఆ తర్వాత ఒక వ్యసనంగా మారింది. దాన్ని చేసిన విక్టోరినాక్స్, వెంగర్ కంపెనీలు సేకర్తలను దృష్టిలో పెట్టుకుని చేయలేదు, సైన్యానికి సరుకులిచ్చే క్వార్టర్‌మాస్టర్ లెక్క కోసం చేశాయి.

ముందెవరు చేశారు

రెండోది అడగాల్సింది, కత్తిలోని ఉపాయాన్ని ముందెవరు చేసి చూపారన్నది. మడత కత్తి చరిత్రంతా ఒక్క భయం చుట్టూ తిరుగుతుంది. తెరిచిన అలుగు వేళ్ల మీదికి మడుచుకుంటుందేమోనని. స్ప్రింగు బిగువునే నమ్ముకున్న పాత జేబుకత్తుల్లో ఆ భయం నిజమే. 110లో దాన్ని తీర్చిన తీరు మొరటుగా, గట్టిగా ఉంటుంది. పిడి వెన్ను వెంబడి ఒక ఉక్కు కడ్డీ, మధ్యలో ఇరుసు మీద తూగుతుంది. అలుగు పూర్తిగా తెరుచుకోగానే కడ్డీ కొన అలుగు మొదట్లోని గాడిలో పడుతుంది. వెనక కొనను నొక్కితే తప్ప లేవదు. ఈ ఉపాయం బక్ కంపెనీ కనిపెట్టింది కాదు, అంతకు ముందూ ఉంది. వేటాడిన జంతువును ఒలవడానికి సరిపడేంత దిట్టంగా, మామూలు మనిషి కొనగలిగే ధరలో చేసి చూపింది మాత్రం వాళ్లే. ఆ తర్వాత దాన్ని అనుకరించని దేశం లేదు.

ఫ్రాన్స్‌లో సవోయ్ కొండసీమ రైతుల కోసం జోసెఫ్ ఒపినెల్ 1890లో మొదలుపెట్టిన చెక్కపిడి కత్తికి 1955లో ఒక ఉక్కు కంకణం తొడిగారు. అలుగు తెరిచి కంకణం తిప్పితే చాలు, అలుగు కదలదు. ఇంత తక్కువ భాగాలతో తాళం వేయడం అరుదు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 1985లో దాన్ని ప్రపంచపు ఉత్తమ రూపకల్పనల సరసన నిలబెట్టింది. అయితే ఒక మెలిక ఉంది. ఒపినెల్ క్లాసిక్ అనడంలో అనుమానం లేదు, కానీ ఇవాళ కొన్న ఒపినెల్ అపురూపం అవుతుందన్న ఆశ పెట్టుకోవద్దు. అదే రూపంలో, అదే ధరకు దగ్గరగా, రేపూ దొరుకుతుంది. క్లాసిక్ కావడం వేరు, సేకర్త వెతుక్కునేది కావడం వేరు. రెండోది కావాలంటే ఏదో ఒకటి మారాలి, లేదా ఆగాలి.

1981లో అమెరికాలోని కొలరాడోలో సాల్ గ్లెసర్ తన స్పైడర్‌కో కంపెనీ నుంచి వర్కర్ అనే కత్తిని తెచ్చాడు. అలుగుకు గుండ్రటి రంధ్రం, పిడికి జేబు అంచున తగిలించే క్లిప్పు. చూడ్డానికి వికారంగా ఉందని అప్పట్లో చాలామంది మూతి విరిచారు. నాకూ అది అందమైన కత్తి అనిపించదు. అయితే ఆ రంధ్రంలో బొటనవేలు పెట్టి తోస్తే రెండో చెయ్యి అక్కర్లేకుండా కత్తి తెరుచుకుంటుంది. నిచ్చెన మీద ఒక చేత్తో పట్టుకుని నిలబడ్డవాడికి, పడవలో తాడు పట్టుకున్నవాడికి ఆ తేడా ఏమిటో చెప్పక్కర్లేదు. జేబు అడుగున చిల్లరతో కలిసి దొర్లే కత్తి ఆ క్లిప్పుతో జేబు అంచుకొచ్చింది. ఇవాళ వచ్చే కొత్త నమూనా మడత కత్తుల్లో చాలావాటికి ఒంటిచేత్తో తెరిచే ఏర్పాటు ఉంటుంది, క్లిప్పు ఉంటుంది. వికారంగా ఉన్న ఆ తొలి వర్కర్ కోసం ఇప్పుడు గిరాకీ ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అదే దశాబ్దపు ఆరంభంలో మైకేల్ వాకర్ అనే కళాకారుడు లైనర్ లాకుకు ఇప్పటి రూపం ఇచ్చాడు. పిడి లోపలి పలుచటి రేకునే స్ప్రింగుగా వంచి, అలుగు తెరుచుకోగానే దాని మడమ వెనక అడ్డుపడేలా చేశాడు. దక్షిణాఫ్రికా నుంచి అమెరికాలోని ఐడహోకు వలస వెళ్లిన క్రిస్ రీవ్ దాన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లాడు. రేకు ఎందుకు, పిడి పలకనే కోసి స్ప్రింగుగా చేస్తే పోలా అనుకున్నాడు. 1990ల మొదట్లో వచ్చిన సెబెంజా కత్తి ఆ ఆలోచన ఫలితమే. దీన్నిప్పుడు ఫ్రేమ్ లాక్ అంటున్నారు.

ఇక్కడ లోహం పాత్ర గమనించాలి. అంత మందం పలకను ఉక్కుతో చేస్తే బరువెక్కుతుంది, వంగడానికి మొరాయిస్తుంది. సెబెంజా పలకలు టైటానియం మిశ్రమం, అందులో 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనాడియం. దాని బిరుసుతనం ఉక్కుతో పోలిస్తే దాదాపు సగమే, బలం మాత్రం మంచి ఉక్కులకు తీసిపోదు. అంటే శాశ్వతంగా వంగిపోకుండా ఎక్కువ దూరం వంగి, మళ్లీ యథాస్థానానికి రాగలదు. స్ప్రింగుకు కావాల్సిన గుణం అదే. లోపమూ ఉంది. టైటానియం ఉక్కుతో ఒరుసుకున్నప్పుడు అతుక్కునే స్వభావం గలది, ఏళ్ల తరబడి వాడకంలో తాళం బిగుసుకోవచ్చు, అరగవచ్చు. అందుకే తర్వాతి నమూనాల్లో ఆ ఒరిపిడి చోట సెరామిక్ గుండు పెట్టారు. సేకర్తకు ఈ మార్పులే కొండగుర్తులు. గుండు లేనిది ముందుది, ఉన్నది తర్వాతది.

1998లో బెంచ్‌మేడ్ కంపెనీ తెచ్చిన యాక్సిస్ లాకు మరో మజిలీ. మెక్‌హెన్రీ, విలియమ్స్ అనే ఇద్దరి ఆలోచన అది. పిడికి అడ్డంగా చిన్న ఉక్కు కడ్డీ, దాన్ని రెండువైపులా ముందుకు నెట్టే సన్నటి తీగ స్ప్రింగులు. అలుగు తెరుచుకోగానే కడ్డీ దాని మడమ మీది ఏటవాలులోకి జారి బిగుస్తుంది. కుడిచేతి వాటం, ఎడమచేతి వాటం అన్న తేడా లేదు, మూసేటప్పుడు వేళ్లు అలుగు దారిలో ఉండవు. పేటెంటు ఉన్నన్నాళ్లూ మిగతావాళ్లు చూస్తూ ఊరుకున్నారు. గడువు తీరగానే ఇదే అడ్డకడ్డీని పేరు మార్చి పెట్టుకోని కంపెనీని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నా దృష్టిలో ఒక యంత్రాంగానికి ఇంతకన్నా పెద్ద యోగ్యతాపత్రం లేదు. పోటీదారులు వేచి ఉండి మరీ కాపీ కొట్టారంటే అది నిలిచే పనే. వారెన్ ఆస్బోర్న్ రూపకల్పన చేసిన బెంచ్‌మేడ్ 940 ఆ తాళాన్ని సన్నటి, జేబులో బరువనిపించని రూపంలో అందించింది. తాళం ఇద్దరిది, రూపం ఇంకొకరిది, ముగ్గురి పేర్లూ చరిత్రలో నమోదై ఉన్నాయి. పేరులేని ఫ్యాక్టరీ నమూనాకు ఈ అదృష్టం పట్టదు.

ఉక్కు పేర్ల మోజు

ఇప్పటి కత్తుల ప్రియులు ముందు ఉక్కు పేరడుగుతారు, తర్వాతే కత్తి పేరు. ఇందులో కొంత మోజు, కొంత నిజం.

పాత పద్ధతిలో కరిగిన ఉక్కును పెద్ద దిమ్మగా పోసి చల్లారనిస్తారు. దిమ్మ నెమ్మదిగా గడ్డకట్టే వేళలో కార్బన్, క్రోమియం, వెనాడియం ఒకచోటికి చేరి, ఉప్మాలో రవ్వ ఉండలు కట్టినట్టు పెద్ద పెద్ద కార్బైడ్ గుంపులు కడతాయి. కార్బైడ్లు కఠినమైనవి, అరుగుదలను తట్టుకుంటాయి. కానీ ఉండలు కట్టిన చోట వాదర పెళుసెక్కి పెచ్చులూడుతుంది. అందుకే ఆ మూలకాలను ఓ మేరకు మించి కలపడానికి వీలుండేది కాదు. పొడి లోహశాస్త్రం ఈ చిక్కును విప్పింది. కరిగిన ఉక్కు ధారను వేగంగా కొట్టే వాయువుతో చెదరగొడితే సన్నటి బిందువులై క్షణంలో గడ్డకడతాయి. ఉండ కట్టడానికి వ్యవధి ఉండదు. ఆ పొడిని డబ్బాలో నింపి, గాలి తీసి, మహా వేడిలో మహా ఒత్తిడితో నొక్కితే గట్టి దిమ్మ అవుతుంది. అందులో కార్బైడ్లు మైక్రాన్లలో కొలిచేంత చిన్నవిగా, అంతటా సమానంగా పరుచుకుని ఉంటాయి.

అమెరికాలోని క్రూసిబుల్ కంపెనీ 2001లో ఈ పద్ధతిలో ఎస్30వి అనే ఉక్కు తెచ్చింది. ఇతర పరిశ్రమల కోసం చేసిన ఉక్కును కత్తులవాళ్లు అరువు తెచ్చుకోవడం అప్పటిదాకా ఆనవాయితీ. ఇది మొదటినుంచీ కత్తుల కోసమే చేసినది, దాని వెనక డిక్ బార్బర్ అనే లోహ నిపుణుడితో పాటు సెబెంజా చేసిన క్రిస్ రీవ్ సలహా కూడా ఉంది. అందులో 1.45 శాతం కార్బన్, 14 శాతం క్రోమియం, 4 శాతం వెనాడియం, 2 శాతం మాలిబ్డినం. వెనాడియం కార్బైడ్ ఎంత కఠినమంటే, మామూలు సానరాళ్లలో ఉండే అల్యూమినియం ఆక్సైడ్ కూడా దాని ముందు మెత్తనే. పదును ఎక్కువ కాలం నిలవడానికి, ఇంట్లో సానబట్టబోతే ప్రాణం విసగడానికి కారణం ఒకటే. ఇలాంటి ఉక్కులకు వజ్రపు పొడి అంటించిన సానపలకలే నప్పుతాయి.

ఇరవై ఏళ్ల తర్వాత, 2021లో, లారిన్ థామస్ రూపొందించిన మాగ్నకట్ వచ్చింది. దాని వెనక ఆలోచన చక్కనిది. తుప్పు పట్టకుండా కాపాడేది ఉక్కులో విడిగా కరిగి ఉన్న క్రోమియం. కార్బన్‌తో జతకట్టి కార్బైడ్‌లో ఇరుక్కున్న క్రోమియం ఆ పనికి రాదు. పైగా క్రోమియం కార్బైడ్లు వెనాడియం కార్బైడ్లంత కఠినమైనవీ కావు, ఉక్కు గట్టిదనాన్నీ తగ్గిస్తాయి. అలాంటప్పుడు అవి అసలు ఏర్పడకుండానే చేస్తే? క్రోమియంను 10.7 శాతానికి తగ్గించి, వెనాడియంతో పాటు నయోబియం, నైట్రోజన్ కలిపి పాళ్లు కుదిర్చారు. క్రోమియం తక్కువైనా అది ఉన్నదంతా తుప్పును అడ్డుకునే పనిలోనే ఉంటుంది. కాగితం మీద లెక్క వేసి, ఫలానా కార్బైడ్ వద్దని నిర్ణయించుకుని చేసిన కత్తి ఉక్కు ఇది.

వెనాడియం మాట వచ్చింది కనుక ఒక్క పక్కదారి. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం కొలుముల్లో మూసల్లో కరిగించిన ఉక్కు ఒకప్పుడు పశ్చిమాసియా దాకా వెళ్లి కత్తులైంది. డమాస్కస్ కత్తులని లోకం పిలిచిన ఆ జాతి అలుగుల మీద నీటి అలల్లాంటి చారలుంటాయి. అమెరికన్ లోహశాస్త్రవేత్త జాన్ వెర్‌హోవెన్, కమ్మరి ఆల్ఫ్రెడ్ పెండ్రే కలిసి 1990ల్లో చేసిన పరిశోధన ప్రకారం ఆ చారలకు మూలం వెనాడియం వంటి మూలకాల అతిస్వల్ప జాడలు. నూరింట ఒక వంతు శాతం కూడా ఉండనవసరం లేదు. వాటి ఆసరాతో కార్బైడ్లు వరసలు కట్టాయి. పాత కమ్మరికి తెలియకుండా దూరిన చిటికెడు వెనాడియం అలుగు మీద బొమ్మ గీసింది. ఇప్పటి ఇంజనీరు నాలుగు శాతం తూచి వేసి, ఒక్క గీత కూడా పడకుండా చూసుకుంటున్నాడు.

సేకర్త దృష్టిలో ఉక్కు విలువ ఎంత? నా అంచనా, అనుకున్నంత ఉండదు. 1990ల్లో ఏటీఎస్-34 అంటే గొప్ప. 2001లో ఎస్30వి అంటే గొప్ప. ఇప్పుడు రెండూ మామూలే. కేవలం ఉక్కు పేరు చూసి కొన్న కత్తి కొత్త ఉక్కు రాగానే పాతబడుతుంది. కానీ మంచి నమూనాలో ఉక్కు మారిన ప్రతిసారీ అది తేదీ ముద్రలా పనిచేస్తుంది. సెబెంజాలో మొదట ఏటీఎస్-34, తర్వాత బీజీ-42, ఆపైన ఎస్30వి, ఎస్35విఎన్, ఎస్45విఎన్, ఇప్పుడు మాగ్నకట్. అలుగు ఉక్కు తెలిస్తే కత్తి ఏ కాలానిదో దాదాపు చెప్పేయొచ్చు. ఎస్30వికి పుట్టిల్లయిన క్రూసిబుల్ కంపెనీ 2024 డిసెంబరులో దివాలా పిటిషను వేసింది. ఆ కొలిమిలో పుట్టిన ఉక్కుతో చేసిన కత్తులకు రేపు దీనివల్ల ఏదైనా ప్రత్యేకత వస్తే ఆశ్చర్యపోను.

చుక్కలు, గుర్తులు, తాళం పడ్డ ఫ్యాక్టరీలు

ఏ ఏడాదిదో చెప్పలేని కత్తిని సేకర్త అనుమానంగా చూస్తాడు. ఈ రహస్యం పెన్సిల్వేనియాలోని కేస్ కంపెనీకి తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. 1970లో వాళ్లు అలుగు మొదట్లోని ముద్ర కింద పది చుక్కలు పెట్టారు. ఏడాదికొక చుక్క తీసేస్తూ వచ్చారు. 1971లో తొమ్మిది, 1972లో ఎనిమిది. చుక్కలు లెక్కపెట్టగలిగిన పిల్లాడు కూడా కత్తి వయసు చెప్పగలడు. దాంతో ఒకే నమూనాను ఏడాదికొకటి చొప్పున పోగేసుకునే జాతి తయారైంది. బక్ కంపెనీ 1986 నుంచి ఏడాదికొక చిన్న గుర్తు వేస్తోంది. 2006లో పెన్సిల్వేనియాలోనే టైటస్‌విల్‌లో మొదలైన గ్రేట్ ఈస్టర్న్ కట్లరీ ఇంకాస్త ముందుకెళ్లి, ఏ పిడితో ఏ నమూనా ఎన్ని చేశారో ఆ సంఖ్యలు బయటపెడుతుంది. వాళ్లవి పాతకాలపు జేబుకత్తులే, మామూలు కార్బన్ ఉక్కువే, తాళం కూడా ఉండదు చాలావాటికి. కొత్త యంత్రాంగం ఏదీ లేదు. అయినా వాటి మీద నాకు గురి ఉంది. చిన్న విడతలుగా చేస్తారు, లెక్క చెబుతారు, కొన్నవాళ్లు నిజంగా జేబులో వేసుకుని తిరుగుతారు.

ఫ్యాక్టరీ మూతపడితే కత్తి విలువ పెరుగుతుందని ఒక నమ్మకం ఉంది. సగం నిజం. న్యూయార్క్ రాష్ట్రంలో ఇంపీరియల్ ష్రేడ్ 2004లో, కమిలస్ 2007లో మూతపడ్డాయి. ష్రేడ్ పేరు వేరేవాళ్లు కొనుక్కుని విదేశంలో చేయించడం మొదలుపెట్టాక, అలుగు మీద అమెరికా ముద్ర ఉన్న పాతవాటిని జనం ఏరుకోవడం మొదలైంది. అయితే ఏరుకున్నవాళ్లు ఇంట్లో ఆ కత్తి చూసి పెరిగినవాళ్లే. ఎవరూ ప్రేమించని కంపెనీ మూతపడితే దాని కత్తులు కూడా దానితోపాటే మరుగున పడతాయి. స్విట్జర్లాండ్‌లో వెంగర్ కంపెనీని విక్టోరినాక్స్ 2005లో కొని, 2013లో వెంగర్ పేరుతో కత్తులు చేయడం ఆపింది. వెంగర్ ముద్రతో ఉన్నవి ఇక పెరగవు. స్విస్ కత్తి అంటే ఎర్రపిడి విక్టోరినాక్సే గుర్తొచ్చే మనవాళ్లకు అమెరికా నుంచి వచ్చిన బంధువు ఎప్పుడో ఇచ్చిన పాత వెంగర్ సొరుగులో ఉండి ఉండొచ్చు. ఓసారి ముద్ర చూసుకోండి.

రాంపురి కత్తి సంగతేమిటని అడిగేవాళ్లుంటారు, సినిమాల పుణ్యాన. 1990ల్లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం నాలుగున్నర అంగుళాలు మించిన అలుగు మీద నిషేధం పెట్టాక రాంపూర్ పనివాళ్ల చేతులు ఖాళీ అయ్యాయి. మంచి పాత రాంపురికి విలువ ఉంటుంది, కానీ అది నిన్నటి కత్తి. ఈ అధ్యాయం రేపటిదాని గురించి.

కుళ్లేవి, కుళ్లనివి

ముప్ఫై ఏళ్ల తర్వాత కత్తి క్లాసిక్ కావాలంటే ముందు ముప్ఫై ఏళ్లు బతకాలి. ఇక్కడ ఉక్కుకన్నా పిడే ఎక్కువ మోసం చేస్తుంది. పందొమ్మిదో శతాబ్ది చివరినుంచి ఇరవయ్యో శతాబ్ది మధ్యదాకా అందమైన పిడులను సెల్యులాయిడ్‌తో చేశారు. నైట్రోసెల్యులోజ్‌లో కర్పూరం కలిపితే వచ్చే ప్లాస్టిక్ అది. కాలం గడిచేకొద్దీ కర్పూరం ఎగిరిపోతుంది, మిగిలినది విచ్ఛిన్నమవుతూ నైట్రోజన్ ఆక్సైడ్లు వదులుతుంది. గాలిలో తేమ తగిలితే అవి నైట్రిక్ ఆమ్లం. పిడి పగిలిపోతుంది, దాని అలుగు తుప్పు పడుతుంది, అంతటితో ఆగకుండా అదే సొరుగులో పక్కనున్న కత్తుల్ని కూడా తినేస్తుంది. ఒక్క కుళ్లిన సెల్యులాయిడ్ పిడితో సొరుగంతా పాడుచేసుకున్న సేకర్తలున్నారు.

ఇప్పటి కత్తుల్లో ఆ పాత్ర మెత్తటి రబ్బరు పూతలది. కొన్న రోజున చేతికి హాయిగా ఉంటుంది. కొన్ని రకాల పాలీయురెథేన్‌ను గాలిలోని తేమ నెమ్మదిగా విడగొడుతుంది, పదిహేనేళ్లకు పిడి బెల్లం పూసినట్టు జిగటగా తయారవుతుంది. విశాఖలోనో మచిలీపట్నంలోనో అయితే అంతకన్నా ముందే. పాత కెమెరాల రబ్బరు పట్టు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. కాబట్టి దీర్ఘకాలం ఉంచదలిచిన కత్తికి రబ్బరు పిడి వద్దు.

గాజునారను ఎపాక్సీతో అతికించి చేసే జీ-10 దీనికి పూర్తి వ్యతిరేకం. ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డులు చేసే పదార్థానికి దగ్గరి చుట్టం. తేమకు చలించదు, వంకర పోదు. బట్టనో కాగితాన్నో ఫినాలిక్ జిగురులో తడిపి నొక్కిన మికార్టా కూడా గట్టిదే, పైగా వాడేకొద్దీ చేతి నూనె పీల్చి ముదురు రంగు తేలుతుంది. ఆ రంగును చూసి మురిసిపోయే సేకర్తలున్నారు. టైటానియం పిడుల మీద నీలం, ఊదా రంగులు చూస్తుంటాం. అవి రంగులు కావు. విద్యుత్తు పంపి లోహం మీద పెంచిన పారదర్శకమైన ఆక్సైడ్ పొర మందాన్నిబట్టి కాంతి కిరణాలు ఒకదానితో ఒకటి కలిసి చూపించే మాయ. పొర మీద గీత పడితే రంగు పోతుంది. అందుకే రంగు చెక్కుచెదరని పాత టైటానియం పిడి అంటే అది జేబులో తిరగలేదనడానికి సాక్ష్యం.

ఏది కొనాలి

ఇంత చెప్పి పేర్లు చెప్పకపోతే పాఠకులు ఒప్పుకోరు. నా మాట ఇది. తక్కువ డబ్బుతో మొదలుపెట్టేవాళ్లకు బక్ 110, ఏడాది గుర్తు ఉంది కాబట్టి, అరవై ఏళ్లుగా జనం చేతుల్లో ఉంది కాబట్టి. స్పైడర్‌కో పారా మిలిటరీ 2 నా జాబితాలో పైన ఉంటుంది. 2010లో వచ్చింది. పిడి వెన్నువైపునుంచి ఒక చిన్న రేకు అలుగు మడమకూ ఆపుడు కడ్డీకీ మధ్య దూరి బిగుసుకునే తాళం దానిది. కత్తులు నిజంగా వాడేవాళ్లు కొట్టి, గీకి, సానబట్టి అరగదీస్తున్న కత్తి. కంపెనీ వేరే వేరే ఉక్కులతో చిన్న విడతలుగా కూడా చేస్తుంది. కానీ నన్నడిగితే ఆ ప్రత్యేక విడతలకన్నా తొలి ఏళ్ల మామూలు నల్లపిడి ముక్కే రేపు దొరకడం కష్టం. ప్రత్యేక విడతను అందరూ దాచుకున్నారు, మామూలుదాన్ని అందరూ వాడేశారు. అరుగుదల లెక్క ఇక్కడా అదే.

సెబెంజా ఖరీదైనది, అందుకే దాని నకిలీలు కూడా ఎక్కువ. పెద్ద మొత్తం పెట్టేటప్పుడు అధీకృత అమ్మకందారు దగ్గరే కొనడం మేలు. బెంచ్‌మేడ్ 940 కొంటే విడి స్ప్రింగులు రెండు జతలు సంపాదించి పెట్టుకోండి. ఆ సన్నటి తీగలు ఎప్పుడో ఒకప్పుడు విరుగుతాయి, ముప్ఫై ఏళ్ల తర్వాత ఎక్కడ దొరుకుతాయో. గ్రేట్ ఈస్టర్న్ వాళ్ల కత్తుల్లో ఏ నమూనా అయినా ఫరవాలేదు, మీ చేతికి నప్పితే చాలు. మఖమల్ పెట్టెలవాటి జోలికి వెళ్లకండి. సినిమా తార సంతకం ఉన్నా సరే.

పాత కత్తి కొన్నప్పుడు దాన్ని మెరిపించాలన్న కోరిక పుడుతుంది. చంపుకోండి. బఫింగ్ చక్రం మీద పెడితే ముద్ర అంచులు కరిగిపోతాయి, వాటితోపాటే సగం విలువ. కంపెనీకి పంపి కొత్త అలుగు వేయించడం వాడుకునేవాడికి లాభం, సేకర్తకు నష్టం. 1970ల నాటి పిడిలో 2020ల నాటి అలుగు ఉంటే అది ఏ కాలానికీ చెందని కత్తి.

భారత ఆయుధ నియమాల ప్రకారం అలుగు 9 అంగుళాల పొడవో, 2 అంగుళాల వెడల్పో దాటితేనే లైసెన్సు ప్రశ్న వస్తుంది. నేను కొనమన్న జేబుకత్తులన్నీ పొడవులో ఆ హద్దులో సగానికన్నా చిన్నవి. విమానంలో మాత్రం చేతి సంచిలో ఏ కత్తినీ రానివ్వరు, చెకిన్ సామానులో వేయాల్సిందే.

ఇంటికి చేరాక కత్తిని తోలు ఒరలో పెట్టి దాచకండి. తోలు ఊనడానికి వాడే రసాయనాలు తేమతో కలిసి ఇత్తడిని పచ్చబరుస్తాయి, ఉక్కు మీద మచ్చలు పడేస్తాయి. అలుగుకు పలుచగా మినరల్ ఆయిల్ రాసి, సిలికా జెల్ పొట్లంతో మూత బిగువైన డబ్బాలో ఉంచండి. కంపెనీ అట్టపెట్టె, కాగితాలు, బిల్లు వేరే కవరులో పెట్టి, కొన్న తేదీ దాని మీద రాయండి. ఒర కూడా పారేయకండి, విడిగా పెట్టండి.